పోలే విందుకు పిలుపు

“ముఖం మీదే తలుపు వేసేస్తుంది, చూస్తూ ఉండు. లేదంటే కిటికీలోంచి బకెట్టుడు నీళ్లు కుమ్మరిస్తుంది. తడిసిన బట్టలతో ఊరంతా నడిచి రావాలి. నీకసలే ఊపిరితిత్తులు బలహీనం” అంది జినెట్.

ఎలోదీ బూట్ల లేసులు కట్టుకుంటూ తలెత్తలేదు. “నా ఊపిరితిత్తులకేం కాలేదమ్మా. డాక్టరు చెప్పి ఏడాదైంది.”

“డాక్టర్లకేం, చెబుతారు.”

ద్రాక్ష కోతలు ముగిసిన ఆదివారం అది. మధ్యాహ్నం తోట యజమాని ఇంట్లో పోలే విందు. కోసినవాళ్లూ మోసినవాళ్లూ తొట్లు కడిగినవాళ్లూ అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తినే రోజు. నిరుడు ఆ విందు జరగలేదు. ఈసారి యజమాని స్వయంగా ఇంటికొచ్చి పిలిచినప్పుడు ఎలోదీ ఒకే మాట అడిగింది, యూగెట్‌ని పిలిచారా అని. ఆయన టోపీ చేతుల్లో తిప్పుకుంటూ, “ఉత్తరం వేశానమ్మాయ్, జవాబు లేదు” అన్నాడు. “అయితే నేనే వెళ్లి పిలుస్తా. ఆమె రాకపోతే ఆ బల్ల దగ్గర నేనూ కూర్చోను” అంది ఎలోదీ.

అప్పటినుంచీ జినెట్‌కు కంటిమీద కునుకు లేదు.

నిరుడు కోతల చివర్లో ఎలోదీ రసం తీసేసిన పెద్ద చెక్కతొట్టిలోకి పిప్పి ఎత్తడానికి దిగింది. ముందు కొవ్వొత్తి వెలిగించి తాడుకు కట్టి లోపలికి దించాలి. అది ఆరిపోతే అడుగున విషగాలి ఉందని గుర్తు, ఎవరూ దిగకూడదు. ఆ బోన్ ఊళ్లో మాటలు నేర్చే పిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఎలోదీ ఆ రోజు తొందరలో కొవ్వొత్తి దించలేదు. కాలు మోపిన రెండు నిమిషాల్లో కుప్పకూలింది. యూగెట్ భర్త అర్మాన్, ముప్ఫై ఏళ్లుగా ఆ తొట్ల మధ్యే బతికిన మనిషి, తెలిసి తెలిసి దూకాడు. ఎలోదీని భుజాల మీదికెత్తి పైవాళ్ల చేతికందించాడు. తాను పైకి రాలేకపోయాడు.

ఊళ్లో అందరికీ తెలిసింది అంతవరకే. జినెట్‌కు మాత్రం ఇంకొకటి తెలుసు. దాన్ని ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు, పాపం చెప్పుకునే ఫాదర్‌కు కూడా.

“ఖాళీ చేతులతో వెళ్తామా?” అని ఆఖరి నిమిషంలో మళ్లీ ఇంట్లోకి పరుగెత్తింది. పొద్దున ఓవెన్‌లో పొంగించిన చిన్న బన్నుల్లాంటి చీజు గుజేర్లను గుడ్డలో మూటగట్టింది. కూతురికి స్కార్ఫు చుట్టింది. గ్యాస్ పొయ్యి కట్టేసిందో లేదో రెండుసార్లు చూసుకుంది.

“అమ్మా, నువ్వు ఇంటిదగ్గరే ఉండరాదూ?”

“నిన్నొక్కదాన్ని పంపిస్తానా?”

మద్లేన్ చౌకు దాటగానే జినెట్ అలవాటుగా ఎడమకు తిరిగింది. ఎలోదీ చెయ్యి పట్టి ఆపింది. “అటెక్కడికి? తిన్నగా వెళ్తే ఇరవై నిమిషాలు.”

“కోటగోడ మీదుగా వెళ్దాం. గాలి బాగుంటుంది.”

గాలి కోసం కాదు. ఏడాదిగా జినెట్ ఊళ్లో తిన్నగా నడవలేదు. యూగెట్ శనివారం సంతకు తొమ్మిదింటికి వస్తుందని తెలిసి తాను ఏడింటికే వెళ్లొచ్చేది. పెద్ద చర్చిలో పూజకు వస్తుందని శివారు చర్చికి మారింది. ఊరి నడుమనున్న పాత ఆసుపత్రి రంగుల పెంకుల కప్పు కనబడితే చాలు, పక్కసందులోకి తిరిగిపోయేది. ఏ సందు ఎక్కడ తేలుతుందో, ఏ ఇంటి పెరటి తలుపు ఏ వీధిలోకి తెరుచుకుంటుందో ఆమెకు తెలిసినంతగా తపాలావాడికి కూడా తెలియదు.

ఎలోదీ వాదించకుండా వెంట నడిచింది. గోడ మీద బెంచీలో కూర్చుని ఎండ కాచుకుంటున్న ముసలి గాస్పార్ వాళ్లను చూసి చేతికర్ర ఊపాడు. పీపాలు చేసి చేసి వేళ్లు వంకర్లు పోయిన మనిషి.

“ఏం జినెట్, మళ్లీ ప్రదక్షిణా? వచ్చే ఏడు టూరిస్టులకు ఊరు చూపించే పని నీకే ఇమ్మని మేయరుకు చెప్తాలే. జీతంలో సగం నాకు.”

“నీ నోటికి తాళం వెయ్యా, పెద్దాయనా.”

“తాళమెందుకు, గ్లాసు పెట్టు చాలు.” నవ్వి, ఎలోదీని చూసి నవ్వు ఆపాడు. “యూగెట్ దగ్గరికేనా, పిల్లా?”

“అవును తాతా.”

“వెళ్లండి మరి. తిన్నగా వెళ్లండి.”

ఎలోదీ మెట్లు దిగి ఊరి నడుమకే నడిచింది. జినెట్ మూట గుండెకు హత్తుకుని వెనకాలే పరుగుపెట్టింది. వీధికి రెండువైపులా నేలమాళిగల గాలికంతల్లోంచి పులిసే రసం వాసన తియ్యగా, బరువుగా పైకొస్తోంది. ఈ నెలంతా ఊరు ఊపిరి పీలిస్తే ఇదే వాసన. ఒక్కో కంత దగ్గరా జినెట్ కూతురి మోచెయ్యి పట్టుకుని నడిరోడ్డు మీదికి లాగుతోంది.

“వీధిలో ఎవరూ ఊపిరాడక చచ్చిపోరమ్మా.”

“ఆ మాట నోట రానీకు!”

“కారు గుద్ది చస్తాను, నువ్వు లాగే లాగుడుకి.”

మరో రోజైతే జినెట్‌కు నవ్వొచ్చేది.

ఉత్తర ద్వారం దాటాక ఎలోదీ నడక నెమ్మదించింది. “అర్మాన్ మామ రోజూ ఈ దారినే వచ్చేవాడు కదా,” అంది. “ఆరింటికి. ఈల వేసుకుంటూ. నేనింకా నిద్రమొహంతో ఉంటే చల్లటి చేతులు నా మెడ మీద పెట్టేవాడు.” స్కార్ఫు సర్దుకుని, “ఆయన పెళ్లానికి నేనేం చెప్పాలో ఏడాదిగా వెతుకుతున్నానమ్మా. వెళ్దామన్న ప్రతిసారీ నువ్వు వర్షమన్నావు, జ్వరమన్నావు. నేను కొవ్వొత్తి దించి ఉంటే...”

“నీ తప్పు కాదు.”

“నా తప్పే. నాకు తెలుసు. ఆమె తిడితే తిట్టనీ. నువ్వు మధ్యలోకి రాకు.”

యూగెట్ ఇల్లు సందు చివర, నీలిరంగు కిటికీ రెక్కలతో. ముందు గదిది వీధి మట్టానికే ఉన్న కిటికీ. రెక్కలు సగం మూసి ఉన్నాయి. లోపల కుర్చీలో ఎవరో కూర్చున్నారని ఒళ్లో పెట్టుకున్న చేతుల తెలుపును బట్టి తెలుస్తోంది. ఎలోదీ తలుపు తట్టింది. చేతులు కదల్లేదు.

“యూగెట్ అత్తా, నేను ఎలోదీని. ఇవాళ పోలే. నిన్ను పిలవడానికొచ్చాను.”

ఎలోదీ మళ్లీ తట్టింది.

“నువ్వు రాకపోతే నేనూ వెళ్లను. తిట్టాలంటే తిట్టు. కొట్టినా సరే.” తలుపుకు నుదురు ఆనించింది. “నేనే... తొందరపడ్డాను అత్తా. క్షమించమని అడగడానికి నోరు రావట్లేదు.”

పక్కింటి రేడియో ఆగింది.  కూతురు ఆ మౌనమంతా తన మీదేననుకుని తలొంచుకుని మోస్తోంది. అది నిజానికి ఎవరి మీదో జినెట్‌కు తెలుసు. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే కూతురు ఆ బరువును బతుకంతా మోస్తుంది. మూట గుమ్మం మీద పెట్టి ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది.

“యూగెట్, నేను జినెట్‌ని.”

“అమ్మా, నువ్వాగు.”

“పిల్ల మీద కోపం పెట్టుకోకు. దానికేం తెలియదు. ఆ రోజు మనిద్దరం సీసాల లేబుళ్ల గదిలోంచి పరుగెత్తుకొచ్చాం. నీ చెయ్యి నా చేతిలోనే ఉంది. వాకిట్లో టార్పాలిన్ కప్పి ఉంది. ఒకరు పోయారని ఎవరో అరిచారు. టార్పాలిన్ కింద బూట్లు కనబడ్డాయి. పెద్ద బూట్లు, మగవాళ్లవి.” జినెట్ కిటికీ చువ్వ పట్టుకుంది. “దేవుడా, నీకు వెయ్యి దండాలు, నా పిల్ల కాదు అన్నాను. గట్టిగా అన్నాను. నీ చెయ్యి పట్టుకునే అన్నాను. నువ్వు మెల్లగా చెయ్యి విడిపించుకున్నావు.”

ఎలోదీ తల్లి వైపు తిరిగి అలాగే ఉండిపోయింది. ఎవరో కొత్తమనిషిని చూస్తున్నట్టు చూసింది.

“ఏడాదిగా నీకెదురు పడకుండా దొంగలా తిరుగుతున్నాను. ఇవాళైనా అబద్ధం చెప్పి నీ ఎదుట నిలబడలేను. ఇప్పటికీ పొద్దున లేచి దాని గదిలో దుప్పటి కదలడం చూస్తే అదే మాట వస్తుంది నా నోట. ఆపుకోలేకపోతున్నాను. వచ్చిన ప్రతిసారీ నువ్వు గుర్తొస్తావు. ఆ రోజు విన్నావు కదూ యూగెట్? విన్నావని నాకు తెలుసు. ఒక్క మాట అను.”

పెద్ద చర్చి గంటలు మొదలయ్యాయి. పన్నెండు. విందు బల్ల దగ్గర ఈపాటికి కుర్చీలు లాగుతూ ఉంటారు. ఆఖరి గంట గాలిలో కలిసిపోయింది. సందులోంచి ఒక సైకిలు వెళ్లింది. ఎక్కడో ఒక కుక్క మొరిగింది. జినెట్ చువ్వ వదల్లేదు, ఎలోదీ తలుపు ముందునుంచి కదల్లేదు. ఎండ గుమ్మం మీది మూట దాకా జరిగింది.

లోపల కుర్చీ కిర్రుమంది. తలుపు గడియ తీసిన చప్పుడైంది కాని తలుపు తెరుచుకోలేదు. దాని వెనకనుంచి, ఎన్నాళ్లుగానో వాడని గొంతు, బొంగురుగా, మెల్లగా వచ్చింది.

“విన్నాను. నువ్వు అక్కడే ఉండు జినెట్. పిల్లని లోపలికి పంపించు.”