తిన్నగా రాసిన కాగితం

తొమ్మిదిన్నరకే లోపల ఉండాలంట, పరీక్షేమో పదింటికి, ఆ అరగంట వీళ్ళేం చేసుకుంటారో, పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి లారీలు అడ్డం పడితే ఎవడిది పూచీ, అయినా ముప్పావుగంట ముందే తెచ్చా, ఈ నరసరావుపేట కాలేజీ గేటు ముందు నా కూతురు శ్రీలేఖ హాల్ టికెట్టు, ఐడీ కార్డు పట్టుకొని వరసలో నిలబడింది, ఫోను, చేతి గడియారం నా జేబులో ఉన్నాయి, ఇంజనీరింగులో ఈ ప్రోగ్రామింగ్ ఒక్కటే మిగిలింది, రెండుసార్లు తప్పింది, ఇది కూడా పోతే ఇంక అవకాశం లేదు, డిగ్రీ రాదు, పుస్తకాలు వద్దంట, ఒక్క ఏఫోర్ కాగితం మాత్రం రెండువైపులా రాసుకొని తెచ్చుకోవచ్చంట, నిన్న మధ్యాహ్నం శ్రీలేఖ గుడ్డలుతుక్కుంటుంటే తను ప్రోగ్రాములు రాసుకున్న ఆ కాగితం చూశా, కోడి గీకినట్టుంది, ఒక లైను అంచున మొదలైతే ఇంకోటి బెత్తెడు లోపలికి, మూడోది ఇంకా లోపలికి, మా బెల్లంకొండ బడిలో త్రికోటేశ్వరరావు మాస్టారు చూసుంటే వేళ్ళ మీద స్కేలు విరిగేది, మార్జిన్‌కి ఆనించి రాయనోడు మనిషే వంకరనేవాడాయన, ఏడో తరగతిలో నా నోటుబుక్కు పక్కూరి బడికి పట్టుకుపోయి చూపించాడు, సిరా బుడ్డి వాసన, కిటికీలోంచి మిరప కల్లాల ఘాటు, తుమ్ముకుంటా రాసేవాళ్ళం, గీత తప్పేవాళ్ళం కాదు, పెళ్ళికి ముందు నేను రాసిన ఉత్తరం అచ్చేసినట్టుందని మా ఆవిడ సుశీల వాళ్ళింట్లో అందరికీ చూపించుకుందంట, అందుకే కొత్త కాగితం తెచ్చి, మార్జిన్ గీసి, అర్థం ఒక్క ముక్క తెలియకపోయినా ఒక్క అక్షరం పోకుండా, అన్ని లైన్లూ మార్జిన్‌కి ఆనించి రాశా, పాతది నీళ్ళ పొయ్యిలో పెట్టా, కొత్తది ఫైల్లో పెట్టి చెప్పకుండా ఊరుకున్నా, చూసి మురిసిపోతదని.

గేటు దగ్గర వాళ్ళకి పాఠం చెప్పే సుల్తానా మేడం అందరి కాగితాలూ చూస్తంది, శ్రీలేఖ ఫైలు తీసి నా వైపు తిరిగింది, ఇదేంది నాన్నా, నా కాగితమేది, ఖాళీలన్నీ ఏమైనాయి, ఖాళీలేందే, పాతది పొయ్యిలో పెట్టి తిన్నగా రాశా కదా అన్నా, లైను ఎంత లోపలికుందో దాన్ని బట్టే ఏది దేని కిందకొస్తదో తెలుస్తది నాన్నా, ఆ ఖాళీ కూడా ప్రోగ్రామే, అది లేకపోతే కంప్యూటరు చదవదు, మేడం కాగితం అందుకొని చూసి, ఇది నీ రాత కాదే అంది, నేను రాశానండీ అన్నా, సొంత చేత్తో రాసిందే రానిస్తాం పెద్దాయనా, రూలు, అని పక్కన పెట్టేసింది, మీ రూళ్ళు తగలెయ్యా అని నోటిదాకా వచ్చింది, శ్రీలేఖ నా వంక చూడలేదు, ఉత్తచేతుల్తో లోపలికి పోయింది.

మూడు గంటలు ఈ సిమెంటు బెంచీ మీద, ఖాళీ కూడా ప్రోగ్రామేనంట, సుశీల మాట కూడా అంతే, మిరపకాయలు తొడిమలు తీస్తా మొదలుపెట్టేది, ఏమయ్యా, మరే, అని ఆగేది, రెండు కాయలు తీసేది, మళ్ళీ మొదలుపెట్టేది, మొదట్లో ఆ నాన్చుడు నాకు ముద్దుగానే ఉండేది, తర్వాత తర్వాత చెప్పేదేందో తిన్నగా చెప్పి చావు అనేవాణ్ణి, ఏమయ్యా, నాకీ మధ్య పొట్టలో, అని ఆగింది ఒకరోజు, నీకెప్పుడూ ఏదోకటేలే అన్నా, ఏం లేదులే, అన్నానికి లే అంది, ఆర్నెల్లకి ఆ పొట్ట జబ్బుతోనే పోయింది, ఆ పొద్దు ఆస్పత్రికి తీసుకుపోదామంటే వాళ్ళన్న కోటి కారు గంట లేటుగా తెచ్చాడు, అందుకే నాలుగేళ్ళయింది నేను వాడి గడప తొక్కి, ఎదురుపడితే మొహం తిప్పుకుంటా.

ఒంటిగంటకి వచ్చింది, పక్కన కూచుంది, నాలుగు ప్రోగ్రాముల్లో మూడు కంప్యూటర్లో ఆడినాయి నాన్నా, గట్టెక్కుతా, మిగతాదే, అని ఆగింది, ఏందది చెప్పు అనబోయి నాలుక కరుచుకున్నా, కాసేపు ఎదురుగా పోతున్న ఆటోలు చూసింది, నన్ను అడగకుండా నా కాగితం కాల్చావు, అంది, కోపంగా కూడా అనలేదు, అమ్మ మాటనీ అట్టనే చేసేవాడివి, అంది, ఔనమ్మా అన్నా, కోటి చేసిన ఆలస్యం గంటే, నేను చేసింది ఆర్నెల్లు.