జాకెట్టు ఉందిగా

నేను ఒక లైఫ్ జాకెట్టుని. నారింజ రంగు, వీపు మీద మెరిసే పట్టీ, ముందు మూడు నల్లటి బకిల్స్, మెడ దగ్గర వేలాడే చిన్న ఈల. నాలుగైదేళ్ల పిల్లలకి సరిగ్గా సరిపోతాను. చూడడానికి ముచ్చటగా ఉంటానని అందరూ అంటారు. నాలో ఉన్న లోపం ఒక్కటే. నేను నీళ్ళలో తేలను. అది తలుచుకున్నప్పుడల్లా నా కుట్లన్నీ బిగుసుకుపోయేవి. లైఫ్ జాకెట్టుకి నీళ్ళంటే భయమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నా స్థానంలో ఉంటే మీకూ నవ్వు రాదు.

నన్ను కుట్టింది ఊరి బయట ఒక రేకుల షెడ్డులో. నీళ్ళు పీల్చని మందపాటి ఫోమ్ పెట్టాలి నాలో. అది ఖరీదని యజమాని, టీవీలు పగలకుండా డబ్బాల్లో పెట్టి పంపే స్పాంజి ముక్కలు తెచ్చి కుక్కించాడు. పక్కనున్న భాగస్వామి కాస్త నసిగితే, "ఇది వేసుకుని సముద్రంలో ఎవడు దూకుతాడండీ? అంతా ఫోటోల కోసమేగా!" అని నవ్వేశాడు. ముప్పై కిలోల బరువు దాకా తేల్చగలనని నా లోపలివైపు ఒక లేబుల్ కుట్టించాడు. కుట్టించినవాడికి నిద్ర బాగానే పట్టింది. పట్టనిది నాకే.

గాజువాకలో బ్యాగులూ బొమ్మలూ అమ్మే కొట్టులో నన్ను కొక్కేనికి తగిలించారు. ఎవరూ కొనకుండా ఉంటే చాలనుకుంటూ అక్కడే వేలాడాను. రేటు ఎక్కువని మూతి విరిచి వెళ్ళిపోయిన ప్రతి తండ్రికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

గిరిధర్ మాత్రం బేరం కూడా ఆడలేదు. అతనికి ఓడ ఎక్కాలని మోజు. చెన్నైలో బయలుదేరే పెద్ద ఓడలో, పెళ్ళాం సువర్చలనీ, కూతురు జోషితనీ, నాలుగేళ్ల తనుష్‌నీ వేసవి సెలవుల్లో తిప్పాలని అతని పట్టుదల. సువర్చల ససేమిరా అంది. కిందటేడు ఒక రిసార్టులో తనుష్ ఈతకొలనులోకి జారిపోయాడు. గిరిధర్ అప్పుడు సూర్యాస్తమయాన్ని ఫోన్‌లో బంధిస్తున్నాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి దూకి పిల్లాణ్ణి పైకి తీశాడు. అప్పటినుంచి ఆవిడ ఇంట్లో బకెట్ నిండా నీళ్ళు ఉంచనివ్వదు. మొగుడికి ఈత రాదు, తనకీ రాదు. బతిమాలగా బతిమాలగా, "వాడికి మంచి లైఫ్ జాకెట్టు కొనండి, అప్పుడు చూద్దాం" అని ఒప్పుకుంది. ఓడవాళ్ళు ఎలాగూ ఇస్తారు గానీ, మనది మనకుండాలని గిరిధర్ నన్ను చంకలో పెట్టుకుని వచ్చాడు.

ఆ రోజు సువర్చల నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. లేబుల్ చదివింది. బకిల్స్ లాగి చూసింది. తర్వాత ఒక నిట్టూర్పు విడిచి, చాన్నాళ్ళకి నవ్వింది. ఆ నవ్వు చూసి, నేను తేలనమ్మా అని అరవాలనిపించింది. మెడలో ఈల ఉందన్న మాటే గానీ, ఊదేవాళ్ళు ఉండాలి కదా.

ఇక ప్రయాణం ఏర్పాట్లు మొదలయ్యాయి. సాయంత్రం కాగానే హాల్లో లాప్‌టాప్ తెరిచేవారు. నన్ను సోఫా వీపు మీద వేసేవారు. నేను అన్నీ వినేదాన్ని.

మొదట ఓడ లోపలివైపు గది చాలనుకున్నారు. "బాల్కనీ వద్దండీ, వీడు కుర్చీ లాక్కుని ఎక్కేస్తాడు" అంది సువర్చల.

"సముద్రం కనపడకపోతే ఇక ఓడెందుకే? జాకెట్టు ఉందిగా" అన్నాడు గిరిధర్.

బాల్కనీ గది ఖాయమైంది. ఓడ పైన ఈతకొలను ఉందట, పిల్లలకి నీళ్ళ జారుడుబల్ల ఉందట. జాకెట్టు ఉందిగా. దీవి దగ్గర చిన్న పడవలో తిప్పుతారట. జాకెట్టు ఉందిగా. పిల్లల్ని ఆటల గదిలో అప్పజెప్పి పెద్దవాళ్ళు పాటలు వినవచ్చట. ఆ మాటకీ అదే జవాబు. మనుషుల ధైర్యం భలే చిత్రమైనది. ఒక వస్తువు కొని ఇంట్లో పడేస్తే చాలు, కళ్ళు మూసుకోవచ్చనుకుంటారు.

అయినా అందాకా ఆ మాట గిరిధర్ ఒక్కడే అనేవాడు. సువర్చల వాంతుల మాత్రలు, పాలపొడి, వాడికి ఇష్టమైన కందిపొడి అంటూ జాగ్రత్తలు పోగేస్తుంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. ఈవిడ కళ్ళు వాడి మీద ఉంటే చాలు, నాతో పని పడదనుకునేదాన్ని. ఒకనాడు జోషిత, "అమ్మా, ఓడలో తమ్ముణ్ణి నేను పట్టుకోవాలా?" అని అడిగింది. సువర్చల సూట్‌కేసు సర్దుతూ, తల ఎత్తకుండానే, "అక్కర్లేదులే తల్లీ, జాకెట్టు ఉందిగా" అంది. ఆ మాటతో నా ప్రాణం పోయింది.

తనుష్ సంగతి చెప్పక్కర్లేదు. బడి నుంచి రాగానే నన్ను తొడుక్కుని మంచం మీంచి దూకేవాడు. "నేను మునగను! నేను మునగను!" అని ఒకటే కేకలు. వాడి గుండె నా స్పాంజికి ఆనుకుని టకటకా కొట్టుకునేది. వాడంటే నాకు ప్రాణం. నాకు తెలిసిన నిజం మాత్రం ఒకటే. వాణ్ణి నీళ్ళలో పట్టి ఉంచలేను సరికదా, నేను పీల్చుకునే నీళ్ళ బరువు కూడా వాడి మీదే వేసి కిందకి లాగుతాను.

ఆ ఇంట్లో ఇంకొకావిడ ఉంది, గిరిధర్ తల్లి పైడమ్మ. ఓడ ప్రయాణం నాకొద్దు, మీరెళ్ళి రండి అనేసింది. రోజూ ఓ పక్కన తోటకూర ఒలుచుకుంటూ వీళ్ళ మాటలన్నీ వింటూ ఉండేది. ఓడ గురించి ఆవిడకి పెద్దగా పట్టలేదు గానీ జాకెట్టు అన్న మాట మాత్రం చెవిన పడింది.

ప్రయాణం దగ్గర పడింది. ఒక ఉదయం గిరిధర్ పనికీ, సువర్చల పిల్లలతో కలిసి తను పాఠాలు చెప్పే బడికీ వెళ్ళిపోయాక, పైడమ్మ నన్ను సోఫా మీంచి తీసి స్నానాలగదిలోకి పట్టుకెళ్ళింది. పెద్ద ప్లాస్టిక్ టబ్బు నిండా నీళ్ళు పట్టింది. గుప్పెడు కల్లుప్పు వేసి చేత్తో కలిపింది. నన్ను అందులో వేసింది.

ఉప్పునీళ్ళు! నా సముద్రం ఇలా వస్తుందనుకోలేదు. కుట్లలోంచి నీరు లోపలికి దూరింది. బుడగలు వచ్చాయి. భయంతో కాసేపు పైనే కొట్టుకున్నాను. అంతలో ఒక ఆలోచన వచ్చింది. మునగాలి. ఇప్పుడే, ఇక్కడే, ఎవరో ఒకరు చూసేలా మునగాలి. స్పాంజి అంతా తెరిచి తాగినంత తాగాను. టబ్బు అడుగుకి చేరాను.

పైడమ్మ వంగి చూసింది. "బాగానే నానతంది" అని తృప్తిగా తలూపి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ లెక్కలో బట్ట అన్నాక మునగాలి కదా! ఇంక ఆరేస్తుంది, మడత పెడుతుంది, సూట్‌కేసులో పెడుతుంది. అడుగున పడి ఉన్న నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

బడి నుంచి వచ్చిన సువర్చల టబ్బు చూసి కెవ్వుమంది. "అత్తయ్యా! నిండా నీళ్ళు పెట్టారేంటి? అయ్యో, దీన్నెందుకు తడిపారు?"

"ఏటమ్మా అలాగంటావు? రోజూ జాకెట్టు జాకెట్టంటన్నారు గదా! జాకెట్టు గుడ్డ తడపకుండా తొడిగితే రేపు కురచయిపోదేటి? రంగు దిగిపోతాదని కల్లుప్పు కూడా ఏసినాను."

"అది ఆ జాకెట్టు కాదత్తయ్యా! ఇప్పుడిది ఎప్పటికి ఆరాలి? ఎవరైనా దీన్ని నీళ్ళలో..."

అంటూ నన్ను ఒక చేత్తో పైకి లాగబోయింది. రాలేదు. రెండు చేతులూ వేసింది. నాలోంచి నీళ్ళు ధారలుగా కారాయి.

"నీళ్ళలో వేసుకునేదే కదా ఇది," అంది మెల్లగా.

చేతులు వదిలేసింది. నేను బుడుంగున మళ్ళీ అడుగుకి పోయాను.

"అత్తయ్యా, దీని మీద బరువేమైనా పెట్టారా?"

"బరువెందుకమ్మా? ఏసాను, కాసేపటికి అదే ములిగిపోనాది."

సువర్చల గడప మీద కూలబడింది. తనుష్‌ని పిలిచి తడి చేతులతో వాటేసుకుంది. తడి, తడి అని వాడు గింజుకున్నా వదల్లేదు.

గిరిధర్ వచ్చి తనే రెండు మూడుసార్లు నన్ను నీళ్ళలో వేసి చూశాడు. ప్రతిసారీ అడుగుకే పోయాను. "ఇదొక్కటీ ఏదో తేడా వచ్చి ఉంటుందిలే" అని గొణిగి కొట్టువాడికి ఫోన్ చేశాడు. "వెనక్కి తీసుకుంటాడట. రేపు ఇచ్చేసి వస్తాను."

"ఇస్తే వాడేం చేస్తాడండీ?" అని అడిగింది సువర్చల.

జవాబూ తనే చెప్పింది.

"ఆరేసి మళ్ళీ తగిలిస్తాడు. ఇంకెవరో పిల్లాడి కోసం ఇంకెవరో కొంటారు."

బతుకంతా పడ్డ భయం ఆ కాసేపట్లోనే మళ్ళీ పడ్డాను. మళ్ళీ ఆ కొట్టు, మళ్ళీ ఒక తల్లి నవ్వు, మళ్ళీ ఒక చిన్న గుండె నాకు ఆనుకుని కొట్టుకోవడం. ఇంకోసారి నా వల్ల కాదనుకున్నాను.

పైడమ్మ వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి వేసుకుని కూర్చుంది. "ఇలా తే అమ్మీ" అంది.

"డబ్బులు పోతాయమ్మా!" అన్నాడు గిరిధర్.

"పోనీ" అంది సువర్చల, నన్ను అత్తగారి చేతికిస్తూ. "ఓడవాళ్ళు ఇచ్చేదే వేద్దాం. బాల్కనీ గది మార్పించండి. మీ ఫోన్ నా బ్యాగులో ఉంటుంది. వాడి చెయ్యి మీ చేతిలో ఉండాలి. అలాగైతేనే ఓడ."

గిరిధర్ తనుష్ చెయ్యి పట్టుకున్నాడు, అప్పుడే ఓడ ఎక్కినట్టు.

కత్తిపీట పదునుకి పట్టీలు తెగాయి, గుడ్డ చిరిగింది, స్పాంజి ముక్కలు నేలంతా పరుచుకున్నాయి. నొప్పి లేదని అబద్ధం చెప్పను. లేబుల్‌ని మాత్రం సువర్చల తనే నిలువునా రెండుగా కోసింది.

ఇప్పుడు చెత్తబండిలో ఉన్నాను. అరటితొక్కలు, టీపొడి, వాటి మధ్య నా నారింజ పీలికలు. పొద్దున్న ఆ కొట్టుకి ఒక పిల్లవాడు తండ్రి వేలు పట్టుకుని వెళ్ళి ఉంటాడు. వాడెవరో, వాడి పేరేమిటో నాకు తెలియదు. నేను తిరిగి ఎక్కని ఆ కొక్కెం మాత్రం వాడికి ఖాళీగా కనపడి ఉంటుంది.