గాజు తలుపు మీది ముఖం

ఇందుమతి చెయ్యి ఊరుకోదు. ఆళ్లగడ్డలో వాళ్ల కిరాణా అంగడి గల్లా దగ్గర కూర్చుంటే చాలు, వేళ్లు చెంప మీదికి పోతాయి. ఆవగింజంత పొక్కు తగిలినా గిల్లి, గీకి, నెత్తురు చూసేదాకా వదలవు. పక్కు కట్టనిస్తే కదా మానడానికి. వాళ్లమ్మ రామసుబ్బమ్మ చేతి మీద కొట్టేది, వేళ్లకు వేపనూనె పూసేది. సరుకులకు వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక వైద్యం చెప్పి పోయేవారు. ఉచిత సలహాలకు ఏ అంగట్లో కరువు? ఆ పిల్ల మాత్రం సిగ్గుతో ఇంకాస్త గిల్లుకునేది.

తిట్టనిది ఒక్క లావణ్యే. మేనమామ కూతురు, వరసకు వదిన, నంద్యాలలో బ్యూటీపార్లర్ పెట్టుకుంది. పోయిన వేసవిలో వచ్చి ఇందు గోళ్లు తన చేత్తోనే కురచగా కత్తిరించింది. చేతులకు పని ఉండాలని వేరుశనగకాయలు ఒలవమంది. వెళ్లేముందు ఒక మాటిచ్చింది.

"గిల్లుకోబుద్ధయితే ముందు ఫోటో తీసి నాకు పంపు. చూసి తుడిపేస్తా. ఇంగెవరికీ చూపియ్యను."

ఆ మాటే మందయింది. కన్నతల్లికి కూడా చూపని పచ్చి పుండ్లను ఇందు వదినకు పంపింది. పంపి, కాయలు ఒలుస్తూ కూర్చునేది. 'చూసినాలే, చెయ్యి దించు' అని జవాబొచ్చేది. చెయ్యి దిగేది. దసరా నాటికి ముఖం నున్నబడింది. ఎన్నాళ్లకో అద్దంలో తనకు తాను నచ్చింది. ఆ నున్నటి ముఖాన్నీ ఫోటో తీసి వదినకు పంపింది.

ఆ సంతోషంలో భక్ష్యాలు చేసి, డబ్బాకెత్తుకుని నంద్యాల బస్సెక్కింది.

పార్లర్ గాజు తలుపు మీద కొత్త స్టిక్కరు. రెండు ముఖాలు. ఒకదాని చెంప నెత్తురోడుతోంది, రెండోది నున్నగా ఉంది. కళ్ల మీద నల్లపట్టీ వేశారు గానీ ఇందు ముక్కుపుడక, గడ్డం మీది పుట్టుమచ్చ ఎక్కడికి పోతాయి? కోయిలకుంట్ల నుంచి వచ్చి బెంచీ మీద కూర్చున్న ఒక ఆడమనిషి స్టిక్కరునీ ఇందునీ మార్చి మార్చి చూసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదే జరిగింది. ఎవరికీ చూపదని పంపిన పుండ్లను వదినే బజారుకెక్కించింది.

లావణ్య నవ్వుతూ ఎదురొచ్చింది. ఇందు చూపు ఎక్కడుందో గమనించాక, పేరు వేయలేదు కదా అంది. అది పెట్టినప్పటి నుంచి గిరాకీ పెరిగిందని కూడా చెప్పింది.

"తుడిపేస్తానంటివే వదినా."

"మంచిదే గదా మే. నీ మాదిరోళ్లు నలుగురు బాగుపడతారు."

ఇందు వేళ్లు చెంప దాకా లేచాయి. చూసుకుని, వాటిని మళ్లీ డబ్బా మీదికి దించుకుంది.

"నా గోర్లు కత్తిరించింది నువ్వే. ఈ కురచ గోర్లకు ఆ స్టిక్కరు ఊడిరాదు. నువ్వే పీకు."

బెంచీ మీది వాళ్లు తలుపు వైపు తిరిగారు. లావణ్య అటూ ఇటూ చూసి, రంగేసిన గోళ్లతో స్టిక్కరు అంచు లేపింది. అది ఒక్కసారిగా రాలేదు, పేలికలుగా ఊడింది. ఇందు కదలకుండా నిలబడింది.

"గడ్డం కాడ ఇంగా ఉండాది."

అదీ గీకించాకే కదిలింది. డబ్బా ఇవ్వలేదు.

తిరుగు బస్సులో దవడ మీద చిన్న పొక్కు వేలికి తగిలింది. అలవాటు కొద్దీ ఫోన్ తీసి ఫోటో తీసుకుంది. పంపడానికి ఇప్పుడు ఎవరూ లేరు. చాలాసేపు తనే చూసింది. తర్వాత తనే తుడిపేసి, డబ్బా మూత తీసి, రెండు చేతులతో భక్ష్యం తుంచుకుంది.