శ్రీగంధమా, దేవదారా

నలభై ఏళ్ళు ఒకే పొగ పీల్చి, అది ఏ అగరొత్తి పొగో చెప్పలేని మనిషిని ఏమనాలి? తిరువూరు బస్టాండు ఎదురు పూజసామాను కొట్లో నిలబడి అంకారావు బుర్ర గోక్కుంటున్నాడు. భార్య రావమ్మ సంతలో అగరొత్తులు కొని, ఇంటికి రాగానే రేకు డబ్బాలో పోసి, పెట్టెలు పారేసేది. ఆ డబ్బా నిన్నటితో ఖాళీ. అడుగుదామంటే, పక్షవాతం వచ్చి మూడు నెలల కిందట ఆమె మాట పడిపోయింది.

"చెక్క వాసనొచ్చేదోయ్," అన్నాడు.

"అట్టాంటివి రెండున్నాయి బాబాయ్. శ్రీగంధం, దేవదారు. పిన్నిది ఏది?" అన్నాడు కొట్టు నవీన్.

"నాకేం తెలుసయ్యా! నేను గంట కొట్టేవాణ్ణి, అంతే."

రెండూ పట్టుకుని ఇంటికొచ్చాడు. మంచాన పడ్డ మనిషికి తను ఇవ్వగలిగిన సుఖం ఇదొక్కటే, ఇదీ తప్పితే ఎట్లా అని అతని బెంగ.

కళ్ళు మూస్తే అవును, మూయకపోతే కాదు. నర్సు షైని నేర్పిన పద్ధతి అది. అన్నం తిన్నావా, నొప్పి తగ్గిందా, అన్నీ ఆ రెప్పలతోనే. ఒక్కసారీ ఆమె కాదనలేదు. ఎంత ఓర్పుగల మనిషో అని వీధంతా చెప్పుకున్నాడు వెర్రిమాలోకం.

శ్రీగంధం వెలిగించి మంచం దగ్గర పెట్టాడు. "ఇదేనా?"

రావమ్మ కళ్ళు మూసింది. హమ్మయ్య అనుకున్నాడు. ఊరుకోవచ్చుగా! ఎందుకైనా మంచిదని దాన్ని ఆర్పి, పొగ పోయాక దేవదారు వెలిగించాడు.

"ఇదా?"

మూసింది.

"ఏదో ఒకటి చెప్పవే తల్లీ!" అని విసుక్కున్నాడు. అంతలోనే ఏదో అనుమానం వచ్చి, ఒట్టి చెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

"పోనీ, ఇదా?"

మూసింది.

అంకారావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నొప్పిగా ఉందా రావమ్మా?" అన్నాడు.

మూసింది.

"లేదుగా?"

మూసింది.

మూడు నెలలుగా ఎన్ని అడిగాడో, ఎన్నింటికి తృప్తిపడి అటు తిరిగి పడుకున్నాడో! ఆమె కళ్ళు తెరిచి అతన్నే చూస్తోంది, ఇంకా ఏమన్నా అడుగుతాడేమోనని.