తెర వస్తే చాలు

పాత సర్వరును మధ్యాహ్నం భోజనాలయ్యాక చెరిపెయ్యాలి. ఆ సంగతి పొద్దుటి నుంచీ గోడమీది బోర్డులో రాసే ఉంది. ఆ బోర్డు కిందే ఆమె కూర్చుని ఉంది. ఎదురుగా తెరమీద అత్తగారి పేజీ తెరిచి ఉంది. అందులో ఉండాల్సిన ఎర్ర అక్షరాలు లేవు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. పేరు అత్తగారిదే. వయసు, చిరునామా, బీపీ మాత్రలు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పోయినేడు జ్వరంతో ఆసుపత్రిలో పడుకున్నప్పుడు అత్తగారికి ఒక సూదిమందు వేశారు. వేసిన కాసేపటికే మొహం ఉబ్బిపోయి, ఊపిరాడక గుడ్లు తేలేసింది ముసలావిడ. బతికి బట్టకట్టాక డాక్టరు దగ్గరుండి కంప్యూటర్లో రాయించాడు, ఈ మందు పడదు, వేస్తే ప్రాణానికి ప్రమాదమని. పేజీ తెరవగానే కనిపించేలా పైనే, ఎర్ర అక్షరాల్లో. "ఇక దిగులు పడకమ్మా, ఎవరు తెరిచినా ముందు ఇదే కనపడుతుంది" అన్నాడు.

ఇప్పుడు కనపడటం లేదు. ఆ ఆసుపత్రి కంప్యూటరును కొత్తచోటికి తరలించింది ఎవరో కాదు, ఆమే.

కంప్యూటరంటే బల్లమీద కూర్చునే పెట్టె అనుకునేరు. ఇది పెద్ద సర్వరు లోపల కొన్ని ఫైళ్ళుగా బతికే కంప్యూటరు. వర్చువల్ మెషీన్ అంటారు. దాని డిస్కంతటినీ ఒక్క ఫైలుగా, అంటే డిస్క్ ఇమేజ్‌గా కాపీ చేసి, క్లౌడులో అద్దెకు తీసుకున్న చోట పెట్టి, అక్కడ దాన్ని లేపాలి. లేచి, పేరూ పాస్‌వర్డూ అడిగే తెర చూపించిందా, పని అయిపోయినట్టే. ఆ ఆఫీసులో పలకరింపులు కూడా ఆ మాటతోనే. "తెర వచ్చిందా?" "వచ్చింది." ఇక ఆకుపచ్చ టిక్కు పెట్టి ఇంకోదానిమీద పడాలి. లోపలికి తొంగిచూడకూడదు. లోపలున్నది కస్టమరు సొత్తు, చూసినవాళ్ళ ఉద్యోగం ఊడుతుంది. ఈ పద్ధతి ఎవరికి మేలు చేస్తుందో ఎవరూ అడగలేదు. త్వరగా అయిపోతుంది, అందుకే అందరికీ నచ్చింది.

ఆమెకు మాత్రం కొత్త డిస్కు ఎందుకో చిన్నదిగా అనిపించింది. ప్రతిదీ రెండుసార్లు చూస్తుందని కుర్రకారు ఆమెను అనుమానాలక్క అని ఏడిపిస్తారు. ఈ అనుమానం మాత్రం టిక్కు పెట్టిన మర్నాడు, అంటే ఈ పొద్దున వచ్చింది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన టెస్టు పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళింది. పరాయివాళ్ళ పేజీ తెరవడానికి మనసొప్పక అత్తగారి పేరు కొట్టింది.

వెంటనే పాత సర్వరులో వెతికింది. కారణం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండేళ్ళ కిందట ఏదో మరమ్మతుకు ముందు ఎవరో స్నాప్‌షాట్ తీశారు. అంటే డిస్కును అక్కడికి ఆపేసి, ఆ తర్వాతి మార్పులన్నిటినీ పక్కన వేరే ఫైలులో రాయించడం. మరమ్మతు అయ్యాక రెండిటినీ కలిపెయ్యాలి. కలపలేదు. ఆసుపత్రి రెండేళ్ళ బతుకంతా ఆ పక్క ఫైలులోనే ఉండిపోయింది. ఆమె పెద్ద ఫైలొక్కటే తీసుకొచ్చింది. మెషీన్ పేరు చూసుకో, పెద్ద ఫైలు తీసుకో అని చేరిన రోజు నేర్పారు. అలాగే చేసింది. తెర చక్కగా వచ్చింది. రెండేళ్ళ కిందటి తెర.

"అన్నయ్యా," అంది మెల్లగా.

పక్క సీటు బక్కాయన తల తిప్పకుండానే విన్నాడు. ఆయనా ఆమెలాగే మెడలో పసుపు ట్యాగు వేసుకునే మనిషి. పర్మినెంటు వాళ్ళకి నీలం ట్యాగు, కాంట్రాక్టు వాళ్ళకి పసుపు. చెరిపే పనులన్నీ పసుపు ట్యాగుల చేతే చేయిస్తారు. రేపేదైనా అయితే రికార్డులో ఎవరి పేరుండాలో ముందే అనుకున్న ఏర్పాటది.

"పొద్దున ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది చెల్లెమ్మా," అన్నాడు అంతా విని. "కొందరి పేర్లు కనపడటం లేదంట. మెల్లగా వస్తాయి, అందాకా కొత్తగా రాసుకోండని మన మేనేజరు సారు చెప్పేశాడు."

"పేర్లు లేనివాళ్ళని రాసుకుంటారు. పేరుండి, మందు పడదన్న మాట లేనివాళ్ళ సంగతో?"

ఆయన ఆమె కూర్చున్న సీటు వంక చూశాడు. ఆ సీటులో ఆమెకంటే ముందున్న అబ్బాయి ఇద్దరికీ గుర్తొచ్చాడు. ఏదో తప్పు తనంతట తానే చెప్పుకున్నాడు. సాయంత్రానికి సెక్యూరిటీ మనిషి వచ్చి పక్కన నిలబడితే, అందరూ చూస్తుండగా టిఫిను బాక్సు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎక్కడా పని దొరకలేదని విన్నారు. ఆమె ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. భర్త నడుము పట్టేసి బండి తోలడం మానేసి చాలా కాలమైంది.

మెట్ల దగ్గరికి వెళ్ళి అత్తగారికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఆసుపత్రిలో ఎవరైనా సూది వేస్తానంటే, నాకు ఫలానా మందు పడదని మీ నోటితో చెప్పండి."

"నాకు తెలీదా, చచ్చి బతికింది నేను కాదూ? అయినా కంప్యూటర్లో ఉందిగా."

"లేదత్తయ్యా. పోయింది."

అత్తగారు, "పక్కింటివాళ్ళ చంటిదానికి కూడా ఏదో పడదని మొన్నామధ్య రాశారే. వాళ్ళమ్మకి చెప్పి రానా?" అంది.

"చెప్పండి."

ఫోను పెట్టేసిన తర్వాత భయం తగ్గాల్సింది, రెట్టింపయింది. పక్కిల్లు కాబట్టి అత్తయ్య వెళ్ళి చెబుతుంది. ఆ పక్క వీధికి ఎవరు వెళ్తారు? ఊరంతటికీ ఎవరు వెళ్తారు? మాటాడలేని స్థితిలో స్ట్రెచరు మీద వచ్చినవాళ్ళు ఎవరికి చెప్పుకుంటారు?

సారు గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. లోపల చూశానని కూడా చెప్పేసింది. సారు లేచి తలుపు వేశాడు.

"ఇంకెవరికి చెప్పావు?"

"ఇప్పుడే మీకు," అంది, బక్కాయన పేరు ఎత్తకుండా. "సార్, ఆ రెండు ఫైళ్ళనీ కలిపి మళ్ళీ పంపిస్తే అంతా తిరిగి వస్తుంది. ఏదీ పోలేదు. ఒక రోజు ఆసుపత్రి కంప్యూటరు ఆపితే చాలు."

"ఒక రోజా? చెరిపేశామన్న సర్టిఫికెట్ ఈ సాయంత్రం వెళ్ళకపోతే వచ్చే ఏడాది కాంట్రాక్టే ఉండదు. నాకూ పైన వాళ్ళున్నారమ్మా." గొంతు తగ్గించాడు. "చూడు, పాతది చెరిపేస్తే ఏం ఉండేదో ఎవడికి తెలుస్తుంది? మీరు ఇచ్చిందే కాపీ చేశాం అంటాం. నువ్వు లోపల చూసిన సంగతి నేను మర్చిపోతాను. నువ్వు కూడా మర్చిపో."

బతిమాలుతున్నట్టే అన్నాడు. ఆయనా భయపడుతున్నాడని ఆమెకు అర్థమైంది. పైనుంచి కిందిదాకా అందరూ భయపడుతూనే ఉన్నారు. ఆ భయమంతా జారి జారి చివరికి ఆసుపత్రి మంచాల మీద పడుకున్నవాళ్ళ నెత్తిన పడుతుంది. వాళ్ళకి మాత్రం భయపడాలని కూడా తెలీదు.

భోజనాలయ్యాయి. ఆమె బాక్సు మూత తియ్యలేదు. సారు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. తెరమీద ప్రశ్న వెలుగుతోంది: పూర్తిగా చెరిపెయ్యమంటారా? మళ్ళీ తిరిగి రాదు.

"నొక్కమ్మా."

చేతుల్ని కీబోర్డు మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను నొక్కను సార్."

ఇరవై మంది తెరలవైపే చూస్తున్నారు గానీ ఒక్కరి వేళ్ళూ ఆడటం లేదు.

"సరే. నువ్వు నొక్కవయ్యా," అన్నాడు సారు బక్కాయనతో.

"నాకు ఆ పర్మిషన్ లేదు సార్." పోయిన వారమే మూడు సర్వర్లు చెరిపిన మనిషి, తెరమీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

సారు సెక్యూరిటీకి ఫోన్ చెయ్యడానికి గదిలోకి పరుగెత్తాడు. ఆమెకు తెలుసు, ఆయన దగ్గరా చెరిపే పాస్‌వర్డు ఉంది. కానీ నొక్కితే రికార్డులో ఆయన పేరు పడుతుంది. అందుకు ఆయనకు ధైర్యం చాలడానికి కాస్త సమయం పడుతుంది. ఆమెకు ఉన్నది ఆ కాస్త సమయమే.

బల్లమీది ఫోను తీసి ఆసుపత్రి నంబరు నొక్కింది. అటువైపు పిల్లల ఏడుపు, ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న కేక.

"ఆ కొత్త కంప్యూటరును నమ్మకండి," అంది ఆమె. "అందులో రెండేళ్ళ విషయాలు లేవు. ఎవరికి ఏ మందు పడదో అందులో ఉండదు. ప్రతి మనిషినీ నోటితో అడగండి, అడక్కుండా సూది వెయ్యకండి. పాతదాన్ని చెరపొద్దని రాసి మా కంపెనీకి పంపండి, ఇప్పుడే."

"ఎవరమ్మా మాట్లాడేది?" అంది అటువైపు నర్సు. "ఎవరు చెప్పారని రాసుకోమంటారు?"

తలుపు తెరుచుకుంది. బూట్ల చప్పుడు వరసల మధ్యనుంచి దగ్గరికి వస్తోంది. ఆమె పసుపు ట్యాగును గుప్పిట్లో పట్టుకుని తన పేరు చెప్పింది. నర్సుకి సరిగ్గా వినపడలేదంటే, ఇంటిపేరుతో సహా మళ్ళీ చెప్పింది.