మలుపు దగ్గర మోగని గంట

నేను ఒక సైకిలు గంటను. పుట్టింది పంజాబులో, రేకును గిన్నెలా అదిమే ఒక యంత్రం కింద. ఆ రోజు నాతోపాటు కొన్ని వేల గంటలు పుట్టాయి, అందరికీ ఒకటే గొంతు. ఇప్పుడు నా పూత లేచిపోయింది, లోపలి స్ప్రింగు సడలింది. అయితే నన్ను అలసిపోయేలా చేసింది తుప్పు కాదు. ఎవరి బొటనవేలో మీట నొక్కితే తప్ప నోరు విప్పలేని బతుకు నాది. ఆ బతుకే నన్ను అలసిపోయేలా చేసింది.

నన్ను మొదట కొన్నవాడు సాయిలు, అడవిశాఖలో వాచరు. తన సైకిలుకు బిగించుకుని పన్నెండేళ్ళు తిప్పాడు. అడవిలో నాతో అతనికి పెద్దగా పని పడేది కాదు. ఎప్పుడైనా మేకలు దారికి అడ్డం పడితే ఒకసారి నొక్కేవాడు, అంతే. అవి నా సుఖమైన రోజులు.

తరవాత ఆ అడవికి కంచె వేసి, గేటు పెట్టి, ‘నల్లమద్ది వనం’ అని బోర్డు కట్టారు. హైదరాబాదు నుంచి గంటన్నర ప్రయాణం. ఆదివారం వచ్చిందంటే గేటు ముందు కార్లు బారులు తీరేవి. వచ్చినవాళ్ళకు అద్దెకివ్వడానికి ఇరవై సైకిళ్ళు తెప్పించి, ఆ షెడ్డును సాయిలుకు అప్పజెప్పారు. కొత్త సైకిళ్ళ ప్లాస్టిక్ గంటలు ఆరు నెలలకే విరిగిపోతే, అతను నన్ను తన సైకిలు నుంచి విప్పి ఏడో నంబరు బండికి బిగించాడు. అప్పటినుంచి నేను రోజుకో వేలి కింద బతికాను.

వనంలో బాట ఒక్కటే. నడిచేవాళ్ళకూ, పరిగెత్తేవాళ్ళకూ, సైకిళ్ళకూ అదే. గేటు దగ్గర బోర్డు మీద నియమాలు రాసి ఉండేవి: నడిచేవాళ్ళు ఎడమ పక్కన ఉండాలి, సైకిలువాళ్ళు గంట కొట్టి నెమ్మదిగా దాటాలి. ఆ బోర్డు ముందు నిలబడి ఫొటోలు దిగినవాళ్ళు చాలామంది. చదివినవాళ్ళను మాత్రం నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను. నడిచేటప్పుడు సైకిలువాళ్ళను తిట్టిన మనిషే, అరగంట తరవాత సైకిలెక్కి నడిచేవాళ్ళను తిట్టడం ఎన్నిసార్లు విన్నానో. ప్రశాంతత కోసం వచ్చామని చెప్పుకుంటూ ఫోన్లో పాటలు పెట్టుకునేవాళ్ళు. ఆ పాటల మీదుగా వినపడాలని నన్ను చావగొట్టేవాళ్ళు.

ఆ బాట మీద ఇంకొందరు కూడా ఉండేవాళ్ళు. అడవికి అవతల గొల్లగూడెం ఉంది. ఆ ఊరివాళ్ళు బస్సు రోడ్డుకు రావాలంటే అడ్డదారి ఇదే, రెండు కిలోమీటర్లు. కంచె రాకముందు నుంచీ వాళ్ళ పాదాలు పడీ పడీ ఏర్పడిన దారి అది. పోశవ్వ రోజూ ఆ దారినే వచ్చేది. డెబ్బై ఏళ్ళుంటాయి. ఏ కాలానికి దొరికే పండు ఆ కాలంలో గంపకెత్తుకుని వచ్చి గేటు దగ్గర అమ్ముకునేది. వయసులో ఉండగా కంకర మిల్లులో పనిచేసి చెవులు దెబ్బతీసుకుంది. గట్టిగా అరిస్తే తప్ప వినపడేది కాదు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం ఏడో నంబరు బండిని హైమావతి తీసుకుంది. నలభై దాటిన మనిషి, నగరంలో ఏదో ఆఫీసులో ఉద్యోగం. తోటి ఉద్యోగులతో కలిసి వచ్చింది. చిన్నప్పుడు తొక్కడమే, పాతికేళ్ళయింది మళ్ళీ సైకిలు ముట్టుకుని అని సాయిలుకు చెప్పింది. మొదట వణుకుతూ వెళ్ళింది. రెండు చుట్లు తిరిగేసరికి భయం తీరింది. గేటుకు ఫర్లాంగు దూరంలో బాట పల్లంలోకి దిగి మలుపు తిరుగుతుంది. ఆ పల్లంలో ఆమె తొక్కడం మానేసి, బండిని దాని దారిన వదిలి, చిన్నపిల్లలా నవ్వుకుంటూ దిగింది. ఆ నవ్వు నాకూ నచ్చింది.

మలుపు దాటగానే ఎదురుగా పోశవ్వ వీపు కనిపించింది. హైమావతి రెండు చేతులూ హ్యాండిలుకు అతుక్కుపోయాయి. ఆమె వేలు నా వైపు రానే లేదు. బండి వెళ్ళి ముసలామెను గుద్దింది. సీతాఫలాలు బాటంతా దొర్లాయి. పోశవ్వ కుడిచెయ్యి తన ఒంటికిందే పడి మణికట్టు విరిగింది.

జనం మూగారు. సాయిలు పరుగెత్తుకొచ్చాడు. ఏం జరిగిందని ఎవరో అడిగితే, హైమావతి చెప్పింది.

"బెల్ కొట్టానండీ. ఆమెకే వినపడలేదు."

అందరూ తలలూపారు. ముసలామె చెవులు మంచివి కావని తెలిసినవాళ్ళు మరీ ఊపారు. పోశవ్వ నేలమీద కూర్చుని, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తన చెవి దగ్గర సాయిలు అరచి చెప్పాక విషయం తెలుసుకుంది. హైమావతి వైపు చూసి నెమ్మదిగా అంది.

"వినపడలే బిడ్డా. నా చెవులు గట్లనే ఉంటయి. నువ్వు భయపడకు."

నేను అక్కడే ఉన్నాను. నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే: హైమావతి, నేను. నాకు నోరు లేదు. ఉన్న ఆమె వాడుకోలేదు.

వారం తిరక్కుండానే వనం అధికారి ఉత్తరువు వేశాడు: గొల్లగూడెం మనుషులు ఆ బాట మీదికి రాకూడదు. ఇక చుట్టూ తిరిగి బస్సు రోడ్డుకు రావాలంటే ఐదు కిలోమీటర్లు. బడిపిల్లలూ, కూలికి పోయేవాళ్ళూ, పాలవాళ్ళూ అందరూ ఆ చుట్టుదారిన పడ్డారు. ఊళ్ళో కోపం అధికారి మీదికి పోలేదు, అంత దూరం పోయే ఓపిక ఎవరికుంది? దగ్గరలో ఉన్న పోశవ్వ మీద పడింది. నీ చెవిటితనం ఊరి దారిని మింగిందని మొహం మీదే అన్నారట. ఆమె బయటికి రావడం మానేసిందని సాయిలు షెడ్డులో చెప్పుకుని బాధపడేవాడు.

మూడు వారాల తరవాత హైమావతి ఒక్కతే వచ్చింది. ముసలామె ఎలా ఉందని అడిగింది. సాయిలు దాచకుండా అంతా చెప్పాడు. ఆమె, తనను పోశవ్వ ఇంటికి తీసుకెళ్తారా అని అడిగింది. సాయిలుకు మోకాలి నొప్పి. ఆసరాకు ఏడో నంబరు బండిని పట్టుకుని నడిపించుకుంటూ బయలుదేరాడు.

పోశవ్వ వాకిట్లో మంచం మీద ఉంది, చేతికి కట్టు. హైమావతి మంచం పక్కన నేలమీద కూర్చుని, గొంతు తగ్గించి ఏదో చెప్పింది. ముసలామె ముందుకు వంగింది.

"ఏమన్నవ్ బిడ్డా? జర గట్టిగ చెప్పు."

హైమావతి మళ్ళీ చెప్పింది. అదీ వినపడలేదు. పక్కింటి ఆడవాళ్ళు గోడ దగ్గరికి వచ్చారు. బోరింగు దగ్గర నీళ్ళు కొడుతున్నవాళ్ళు ఆగి చూస్తున్నారు. హైమావతి వాళ్ళందరినీ ఒకసారి చూసి, లేచి నిలబడి, గొంతెత్తి చెప్పింది.

"అవ్వా, ఆ రోజు నేను బెల్ కొట్టలేదు. అబద్ధం చెప్పాను. తప్పు నీ చెవులది కాదు, నాది."

వీధంతా విన్నది. పోశవ్వ ఏడవలేదు, తిట్టలేదు. ఎడమచేత్తో కొంగు సర్దుకుని, గోడ దగ్గరి ఆడవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. వాళ్ళు చూపులు దించుకున్నారు. ఆ తరవాత హైమావతితో అంది.

"గీ మాట ఆఫీసరు సారుకు గూడ గింతే గట్టిగ చెప్పు."

ఆమె చెప్పింది. ఆ మధ్యాహ్నమే అధికారి గది ముందు నన్ను నిలబెట్టారు కనుక నేనూ విన్నాను. ముగిసిపోయిన సంగతి, మీరెందుకమ్మా మీద వేసుకుంటారని అతను మెత్తగా సర్దిచెప్పబోయాడు. హైమావతి కాగితం అడిగి, జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. అది పైకి వెళ్ళి కిందికి వచ్చేసరికి నెల పట్టింది. ఉత్తరువు ఎత్తేశారు. పల్లం దగ్గర సైకిలు దిగి నడవాలని కొత్త బోర్డు పెట్టారు. దాని ముందు కూడా ఫొటోలు దిగుతున్నారు.

నా మీట ఇప్పుడు పూర్తిగా బిగుసుకుపోయింది. సాయిలు నన్ను విప్పి, షెడ్డు కిటికీ పక్కనున్న ఇనుప సామాను పెట్టెలో వేశాడు. కిలోల లెక్కన కొనేవాడు వచ్చేదాకా నా మకాం ఇక్కడే. విచారమేమీ లేదు, పడుకోవడానికి చోటు దొరికింది.

కిటికీలోంచి మలుపు కనిపిస్తుంది. పోశవ్వ మళ్ళీ ఆ బాటనే వస్తోంది. చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. పది అడుగులు వేస్తుంది, ఆగుతుంది, మెడ తిప్పి వెనక్కి చూసుకుంటుంది. వెనక ఎవరూ ఉండరు. మళ్ళీ పది అడుగులు వేస్తుంది, మళ్ళీ చూసుకుంటుంది. ఇంతకుముందు ఇన్నేళ్ళలో ఆ దారిన ఆమె వెనక్కి తిరిగి చూడటం ఒక్కసారి కూడా తను చూడలేదని సాయిలు అంటాడు.