మెట్ల మీద అన్న మాట

ఆ మేడలో పొద్దున్నే కిందికి దిగేవాళ్లంతా నిన్నటి మాటల్లోంచి దిగుతారు. మెట్ల మీద ఎవరేమన్నా సరే, మర్నాడు సరిగ్గా అదే వేళకి, అదే గొంతుతో మెట్లు మళ్లీ ఒక్కసారి అంటాయి. అక్కడితో మర్చిపోతాయి. అందుకే మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవాలంటే లోపలికెళ్లి తలుపేసుకుంటారు. కింది వాటాలో ఉండే దర్జీ తాతకి మతిమరుపు. రేపు చెయ్యాల్సిన పనులన్నీ ఇవాళే గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పుకుంటాడు. కొత్తగా అద్దెకొచ్చినవాళ్లకి చెత్తబండి ఎప్పుడొస్తుందో చెప్పినట్టే ఈ సంగతీ చెబుతారు.

మూడో అంతస్తులో ఉండే ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఊరొదిలి ఈ దేశం వచ్చిన కొత్తలో ఆమె యాసకి దుకాణంలో అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమె మర్చిపోలేదు. అద్దం ముందు నిలబడి నాలుక తిప్పీ తిప్పీ, ఇప్పుడు ఫోనులో మాట్లాడితే పరాయిదేశం మనిషని ఎవరూ పోల్చుకోలేనంతగా తయారైంది. పిల్లల్లేరు. మొగుడు రొట్టెల వ్యాను నడుపుతాడు. ఈమధ్య అక్క జబ్బుచేసి పోవడంతో అక్క కూతుర్ని తెచ్చుకున్నారు. అప్పట్నుంచీ ఆవిడ పిన్ని, ఆయన బాబాయి అయ్యారు.

పిల్లకి ఎనిమిదేళ్లు. పిడికెడంత ఉంటుందని గువ్వ అనేవాళ్లు. అక్క పెట్టిన ముద్దుపేరే అది.

బడి తెరిచేలోపు పెద్ద టీచరు గువ్వతో కాసేపు మాట్లాడుతుంది. ఇక్కడి భాష వస్తే ఈడుపిల్లలతో కూర్చోబెడతారు, రాకపోతే అక్షరాలు దిద్దే చంటిపిల్లల పక్కన. పిన్నికి అదే బెంగ. దుకాణం నుంచి రాగానే చెప్పులైనా విడవకుండా పిల్లని బల్ల దగ్గర కూర్చోబెట్టేది. నీ పేరేంటి, నీకెన్నేళ్లు, ఇంట్లో ఎవరెవరుంటారు అని ఇక్కడి భాషలో అడిగేది. ఒంటేలుకి వెళ్లాలంటే చెయ్యి ఎలా ఎత్తాలో చూపించేది. ఇంట్లో కూడా మన భాష మాట్లాడొద్దంది. గువ్వ ఒళ్లోకి చూసుకుంటూ కూర్చునేది తప్ప నోరు విప్పేది కాదు.

దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వమని బాబాయి ఒకటి రెండుసార్లు అన్నాడు.

"బళ్లో పీల్చుకోనిస్తారా? నవ్వుతారు," అంది పిన్ని.

మధ్యాహ్నాలు బాబాయి కునుకు తీస్తుంటే గువ్వ వెళ్లి మెట్ల మీద కూర్చునేది. దర్జీ తాతకి కిందపడ్డ గుండుసూదులు ఏరిపెడుతూ ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ చూసేది. పిల్లకి పొద్దు గడుస్తోందిలే అనుకున్నారు అందరూ.

ఒక సాయంత్రం పిన్ని పిల్లని తీసుకెళ్లి బడికి బూట్లు కొంది. గువ్వ పాత రబ్బరు చెప్పుల్ని పారెయ్యనివ్వలేదు, గుండెకి అదుముకుని మోసుకొచ్చింది. కొత్త బూటు మడమ దగ్గర ఒరుసుకుపోయింది. ముక్కు కారుతోంది. కుంటుకుంటూ రెండో అంతస్తు దాకా వచ్చేసరికి పైనుంచి కళ్లజోళ్ల దుకాణం యజమానురాలు దిగుతూ ఎదురుపడింది. కొడుకుని ఆ అంతస్తులోని సంగీతం మాస్టారి దగ్గర చేర్చాలని వచ్చి, వాటా తెలియక పైదాకా వెళ్లిందట. పిన్ని జుట్టు సర్దుకుని పలకరించింది. సరిగ్గా అప్పుడే గువ్వ ఆమె కొంగు లాగినట్టు కోటు అంచు పట్టుకు లాగి, మన భాషలో గట్టిగా, "అమ్మా, కాలు నొప్పి," అంది.

పిల్ల ఆమెని అలా పిలవడం అదే మొదలు.

ఎవరీ అమ్మాయి, మీ పాపా, అని అడిగింది యజమానురాలు. పిన్ని నవ్వింది. ఎంతో బాగా సాధన చేసిన యాసలో, "అబ్బే, మా పాప కాదండీ. ఊళ్లో మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు. కొద్దిరోజులుండి వెళ్లిపోతుంది," అంది.

ఇంట్లోకొచ్చి తలుపేశాక గాని తను ఎక్కడ నిలబడి ఆ మాటందో ఆమెకి తట్టలేదు. బూట్ల అట్టపెట్టె పట్టుకుని అలాగే తలుపుకి చేరగిలబడిపోయింది. కన్నబిడ్డలా పెంచిన అక్క. తనకి జడలేసి బడికి పంపిన అక్క. ఆ అక్కని పనిమనిషిని చేసేసింది. బాబాయికి చెప్పబోయి చెప్పలేకపోయింది. రేపు ఆ వేళకి పిల్లని లోపలే ఉంచితే చాలనుకుంది.

మర్నాడు కాస్త ముందుగా వెళ్తానని దుకాణంలో అడిగింది. యజమానురాలు ఒక ముసలాయన్ని చూపించి ఆయన కళ్లజోడు సరిచేసి వెళ్లమంది. ముసలాయన ముక్కుమీద అది ఒక పట్టాన కుదరలేదు. పిన్ని పరుగెత్తుకుంటూ వచ్చేసరికి కింద దర్జీ తాత మెడలో టేపుతో గుమ్మంలో నిలబడున్నాడు. పైన తన గుమ్మంలో సంగీతం మాస్టారు బూటు లేసు విప్పుతూ ఆగిపోయాడు. గువ్వ మెట్టు మీద కూర్చునుంది. పైనుంచి 'అమ్మా' అన్న పిల్ల పిలుపు, యజమానురాలి ప్రశ్న, ఆపైన తన నవ్వు వినిపించాయి. వెనకాలే మాటలు. తన గొంతు అంత చక్కగా, అంత తేలిగ్గా ఉంటుందని ఆమెకి అంతవరకూ తెలీదు.

మాస్టారు చప్పుడు కాకుండా తలుపేసుకున్నాడు. గువ్వ లేచి, రోజూలాగే ఆమె చేతిలో సంచీ అందుకుంది. పిల్లకి ఈ భాష రాదుగా అని పిన్ని తనకి తనే చెప్పుకుంది.

రెండ్రోజులకి దర్జీ తాత గువ్వ గౌను అంచు మడిచి కుట్టి పట్టుకొచ్చాడు. శ్రమ పెట్టామంది పిన్ని.

"పిల్ల కోసం కుట్టాను," అని వెళ్లిపోయాడు.

బడిలో పెద్ద టీచరు గది చిన్నది. కిటికీలో కుండీ, గోడకి పిల్లల బొమ్మలు. ఆమె గువ్వని కూర్చోమని ఎలా ఉన్నావని అడిగింది. పిన్ని కళ్లు మూసుకుంది.

"ఏదో ఇలా ఉన్నానండీ, ఈ మోకాళ్ల నొప్పులొకటే," అంది గువ్వ, ఇక్కడి భాషలో, తడుముకోకుండా. మాట చివర దర్జీ తాత దగ్గులాంటి చిన్న దగ్గు కూడా దగ్గింది.

పెద్ద టీచరు పగలబడి నవ్వింది. అది వేళాకోళం నవ్వు కాదు. పేరడిగితే చెప్పింది, వయసడిగితే చెప్పింది. వాన గురించి, రొట్టెల ధర గురించి, సరిగమలు పొద్దున్నే ఎందుకు పాడాలన్న దాని గురించి కూడా చెప్పింది. ఆ మెట్ల మీద ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. ఆ పిల్ల రెండుసార్లూ విన్నది. పిన్నికి సంతోషం పొంగుకొచ్చి, సగంలోనే చల్లబడిపోయింది. ఇంత అర్థమైన పిల్లకి అదీ అర్థమై ఉంటుంది.

"ఇంట్లో ఎవరెవరుంటారు? నీతో వచ్చినావిడ ఎవరు?" అని అడిగింది పెద్ద టీచరు.

గువ్వ నిటారుగా కూర్చుంది. "నేను ఈవిడ పాపని కాదండీ. ఊళ్లో ఈవిడింట్లో పనిచేసే ఆవిడ కూతుర్ని. కొద్దిరోజులుండి వెళ్లిపోతాను," అంది. యాస పిన్నిదే, పొల్లుపోలేదు. ఆ చిన్న నవ్వుతో సహా.

తర్వాత పిన్ని వైపు తిరిగి మన భాషలో మెల్లిగా, "సరిగ్గానే చెప్పానా?" అని అడిగింది.

ఆ మొహంలో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. ఈ దేశంలో ఆ ప్రశ్నకి అదే జవాబు కాబోలనుకుంది పిల్ల. తప్పు లేకుండా అప్పజెప్పానా లేదా అని చూస్తోంది.

పిన్ని లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలీదు. "అది నేనన్న మాటండీ. అబద్ధం. ఇది మా అక్క కూతురు. మా అక్క ఎవరింట్లోనూ పనిచెయ్యలేదు. నన్ను పెంచింది. పిల్లని చూసి సిగ్గుపడి అలా అన్నాను," అంది. ఏళ్ల తరబడి దిద్దుకున్న యాస మాటమాటకీ జారిపోయింది. ఆమె పట్టించుకోలేదు. అదే మాట గువ్వ వైపు తిరిగి మన భాషలో చెప్పడం ఇంకా కష్టమైంది. అయినా చెప్పింది.

పెద్ద టీచరు పిల్లని ఈడువాళ్ల తరగతిలోనే కూర్చోబెడతానంది. సాయంత్రాలు పిల్లల్ని ఇళ్లకి పంపేటప్పుడు ఎవరొచ్చారని పేరుపెట్టి పిలుస్తామనీ, మిమ్మల్ని ఏమని పిలవమంటారనీ అడిగింది.

'అమ్మ' అన్న మాట పిన్ని నోటిదాకా వచ్చింది. అడిగే హక్కు లేదనిపించి ఆగింది. "దాన్నే చెప్పనివ్వండి," అంది.

గువ్వ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తొందరేమీ పడలేదు.

"పిన్ని," అంది.

పెద్ద టీచరుకి అది నోరు తిరగలేదు. గువ్వ ఓపిగ్గా మళ్లీ పలికి చూపించింది.